ఎవరి టిక్కు ఎవరికి?

వాపసొచ్చిన దరఖాస్తుకు గుచ్చిన చీటీ మీద రెండే మాటలున్నాయి: పాసుబుక్కు లేదు.

"గిదేంది బిడ్డా, అన్నీ ఉన్నయని నువ్వే అంటివి గదా?"

నెట్ సెంటర్ బల్ల మీద కాగితాల కట్ట పెట్టి అడిగింది చిన్నమ్మ. గట్టిగా అడగలేదు. బీడీల చాట పక్కన పెట్టి, ఆ పూట కూలీ వదులుకుని, ఆటో ఎక్కి వచ్చింది. బల్లకు ఇవతల కూర్చున్న ఆపరేటరమ్మాయికి జవాబు తోచలేదు. ఆ రోజు తెర మీద చిన్నమ్మ లిస్టులో అన్ని డబ్బాల్లోనూ టిక్కులున్నాయని ఆమెకు బాగా గుర్తు. పాసుబుక్కు ఎదురుగా కూడా ఉంది.

"జెర కూసో చిన్నమ్మా. నేనే సూసిన. టిక్కు వడ్డది."

"టిక్కు వడ్డదంటవు. మరి కాయితం ఏడవోయింది?"

ముందే ఒక మాట చెప్పాలి. బోయినపల్లి లాంటి మండల కేంద్రాల్లో నెట్ సెంటర్లు నడిపేవాళ్లకు అనుభవమైన సంగతులను ఒకచోట చేర్చి అల్లిన కథనం ఇది. అందుకే ఇందులో మనుషులకు పేర్లు లేవు, సెంటర్‌కూ పేరు లేదు. కంప్యూటర్ చేసిన తప్పులు మాత్రం అక్షరాలా నిజం. పాత విండోస్ కంప్యూటర్‌లో పైథాన్ వేసుకున్న ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసి చూసుకోవచ్చు.

బోయినపల్లి 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా. మిడ్ మానేరు కట్ట ఈ మండలంలోని మాన్వాడ దగ్గరే ఉంది. కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి, శాభాష్‌పల్లి ఆ నీళ్ల కిందికి పోయాయి. ఊరు మారినవాళ్లకు కాగితాల పని ఎక్కువ. ఆధార్‌లో పాత ఊరు, రేషన్ కార్డులో ఇంకేదో, బ్యాంకులో మూడోది. మనిషి మారకపోయినా చిరునామా మారింది కాబట్టి ప్రతి దరఖాస్తుకూ ఒక రుజువు అదనంగా తోడవుతుంది. దీనికి తోడు బీడీ కార్మికుల పింఛన్, నేత కార్మికుల పింఛన్, గల్ఫ్‌కు పోయేవాళ్ల పాస్‌పోర్టు పనులు, పిల్లల కులం, ఆదాయం సర్టిఫికెట్లు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు ఏ నెట్ సెంటర్ ముందు నిలబడినా వినబడే మాటలే ఇవి.

చిన్నమ్మ వచ్చింది కల్యాణలక్ష్మి కోసం. 2014 అక్టోబర్ 2న ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లల పెళ్లికి 51 వేల రూపాయలతో మొదలైన పథకం అది. తర్వాత బీసీలకూ ఈబీసీలకూ వచ్చింది. 2017లో 75,116 రూపాయలు, 2018లో 1,00,116 రూపాయలు అయ్యింది. చెక్కు పెళ్లికూతురి తల్లి పేరు మీద వస్తుంది. కాబట్టి తల్లి పాసుబుక్కు లేని దరఖాస్తు ముందుకు కదలదు. పెళ్లికి తెచ్చిన అప్పుకు మాత్రం మిత్తి నెలనెలా కదులుతూనే ఉంటుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. డిగ్రీలో కంప్యూటర్స్ చదివింది. ఉద్యోగం దొరికేదాకా అనుకుని ఈ సెంటర్‌లో కూర్చుంది. ఊళ్లో అందరికీ ఆమె "కంప్యూటర్ చెల్లె". ఆమె వచ్చేనాటికి గోడ మీద ఒక అట్ట వేలాడేది. ఏ పనికి ఏ కాగితాలు కావాలో పాత ఆపరేటర్ స్కెచ్ పెన్నుతో రాసిన లిస్టు. నియమం మారినప్పుడల్లా ఒక పేరు కొట్టేసి, మరో పేరు పక్కన ఇరికించి, ఆ అట్ట చివరికి రాసినవాడికి కూడా అర్థం కాని స్థితికి వచ్చింది. జనం మాత్రం ఒక జిరాక్సు తక్కువైందని మళ్లీ ఇంటికి పోవడం, మళ్లీ రావడం.

ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. తెర మీద పైన ఒక పెట్టె ఉండాలి, అందులో పని పేరు ఎంచుకోవాలి. ఎంచుకోగానే ఆ పనికి కావలసిన కాగితాల పేర్లు కింద వరుసగా రావాలి, ప్రతి పేరు ముందు టిక్కు పెట్టే డబ్బా ఉండాలి. కాగితం చేతికి రాగానే టిక్కు. అన్నీ పడితేనే సెట్టు తయారు. నియమం మారితే ప్రోగ్రాం జోలికి పోకుండా నోట్‌ప్యాడ్ ఫైల్‌లో ఒక వరుస కలిపితే సరిపోవాలి. ఎక్సెల్‌లో చేసుకోవచ్చు కదా అనేవాళ్లుంటారు. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో వేలిముద్రల మెషీన్ పట్టుకుని, ఎదురుగా ఏడుగురు నిలబడ్డప్పుడు ఎక్సెల్ గళ్లు వెతికిన అనుభవం వాళ్లకు ఉండదు.

సెంటర్‌లో ఉన్నది పాత విండోస్ 7 కంప్యూటర్. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే పరిస్థితి లేదు. పైథాన్ ఉచితం, దాంతోపాటే టీకే‌ఇంటర్ అనే తెరలు కట్టే సరంజామా వస్తుంది. చదువుకున్నప్పుడు రెండు మూడు ల్యాబ్‌లలో చూసిందే. సందేహం వస్తే అడగడానికి అన్న ఉన్నాడు. అతనూ అదే డిగ్రీ చదివి, దుబాయ్‌లో ఒక గోదాంలో సరుకు లెక్కలు రాస్తున్నాడు. అక్కడ వాట్సాప్ కాల్ పోదు, వాయిస్ మెసేజ్ పోతుంది. అందువల్ల ఈ ప్రోగ్రాం కథలో సగం చిన్న చిన్న మాటల ముక్కలుగా, ఒకరి డ్యూటీ అయిపోయాక ఇంకొకరు వింటూ నడిచింది.

మొదటి అడ్డంకి తెలుగే. నోట్‌ప్యాడ్‌లో మొదటి వరుసలో "ఆధార్" అని రాసింది, కింద మిగతావి రాసింది, యూటీఎఫ్-8 అనే లిపి లెక్కలో దాచింది. ప్రోగ్రాం ఆ ఫైల్ తెరవగానే కుప్పకూలింది. 17వ స్థానంలో ఉన్న 8డి అనే బైటును చదవలేనని ఎర్రక్షరాల్లో ఫిర్యాదు.

"అన్నా, ఇంగ్లీషుల రాస్తే మంచిగ నడుస్తాంది. తెలుగు వెడితే చస్తాంది."

గంటన్నర తర్వాత జవాబు వచ్చింది. "చెల్లె, ఫైల్ ఏ లిపి లెక్కల ఉన్నదో నువ్వు చెప్పలె. అది విండోస్ పాత లెక్క వట్టుకొని సదువుతాంది. తెరిచేకాడ యూటీఎఫ్-8 అని రాయి."

ఆ 17వ స్థానం కథ కొంచెం చెప్పుకోదగ్గది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. విండోస్ 7 నోట్‌ప్యాడ్ ఫైల్ మొదట్లో కనబడని మూడు బైట్ల ముద్ర ఒకటి వేస్తుంది. ఆ తర్వాత ఆ, ధ, దీర్ఘం, ర, చివర పొల్లు. పొల్లుకు మూడో బైటు 8డి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అది సరిగ్గా 17. పడమటి దేశాల అక్షరాల కోసం విండోస్ వాడే పాత పట్టికలో 8డి గది ఖాళీ. కొమ్ముకు మూడో బైటు 81, ఆ గదీ ఖాళీయే. అంటే ఆ పట్టికతో చదివితే పొల్లు, వత్తు, కొమ్ము ఏది వచ్చినా ప్రోగ్రాం ఆగిపోవాల్సిందే. "ఫోటో" అనే మాటలో ఈ మూడూ లేవు. అందుకని అది ఒక్కటే ఆగకుండా పోయి, తలమీద గీతలున్న పరాయి అక్షరాల గుంపుగా తెర మీద తేలుతుంది. వత్తూ కొమ్మూ లేకుండా తెలుగులో ఎన్ని వాక్యాలు రాయగలం? ఈ లెక్కన ఆ పట్టిక తెలుగును చదవలేకపోవడంలో వింత లేదు.

యూటీఎఫ్-8 అని ఒక మాట చేర్చగానే ఫైల్ తెరుచుకుంది. ఒక్కో పేరుకూ ఒక డబ్బా కట్టే లూప్ తిరిగింది. కల్యాణలక్ష్మి కింద కాగితాల పేర్లన్నీ తెలుగులో, ఒకదాని కింద ఒకటి, డబ్బాలతో సహా నిలబడ్డాయి. ఆమె సంబరపడి మొదటి డబ్బా నొక్కింది. అన్ని డబ్బాల్లోనూ టిక్కు పడింది. మళ్లీ నొక్కింది. అన్నీ పోయాయి.

ఆ వీడియో దుబాయ్‌కి వెళ్లింది. అన్న నవ్విన నవ్వు కూడా వాయిస్ మెసేజ్‌లో రికార్డయింది.

"పిల్లా, లూప్ బయట ఒక్కటే వేరియబుల్ వెట్టినవు. అన్ని డబ్బాలకు గదే గట్టినవు. మనకాడ బీడీలు లెక్కజేసేటోడు వాడకట్టు ఆడోళ్లందరి లెక్క ఒక్క కార్డు మీదనే రాస్తే ఎట్లుంటది? గట్లనే అయింది. ఎవలి కార్డు వాళ్లకియ్యి."

ఈ తప్పు ఇలాగే ఎందుకు జరుగుతుందో తెలియాలంటే బోయినపల్లి నుంచి కాలిఫోర్నియా దాకా పోవాలి.

1987లో ఆపిల్ కంపెనీ హైపర్‌కార్డ్ విడుదల చేసింది. బిల్ అట్కిన్సన్ చేసిన ఆ ప్రోగ్రాం చూసి బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే జాన్ ఔస్టర్‌హౌట్ ఆలోచనలో పడ్డాడు. తెరలు, బటన్లు, డబ్బాలు ఇంత హంగుగా కట్టాలంటే పెద్ద కంపెనీ బలగం కావాలి. ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో నడిచే గుంపు దాంతో పోటీ పడేదెలా? చిన్న చిన్న ముక్కలు ఎవరికి వారు చేసి, వాటిని ఒక తేలిక భాషతో కలిపి కుట్టుకుంటే తప్ప కుదరదని ఆయనకు తోచింది. అలా 1988లో టీసీఎల్ అనే భాష మొదలైంది. ఆ ఏడాది చివర్లో దానికి తోడుగా తెరలు కట్టే టీకే మొదలుపెట్టాడు. 1990, 1991 యూజ్‌నిక్స్ సభల్లో వాటి మీద పత్రాలు చదివాడు. 1997లో ఏసీఎం సంస్థ సాఫ్ట్‌వేర్ వ్యవస్థలకిచ్చే బహుమతి ఈ జంటకు వచ్చింది. గీడో వాన్ రోసమ్ పైథాన్‌ను 1991లో బయటపెట్టాక, స్టీన్ లుమ్‌హోల్ట్‌తో పాటు ఆయన టీకేను పైథాన్‌కు అతికించాడు. అదే టీకే‌ఇంటర్. 1999లో వచ్చిన టీసీఎల్ 8.1తో యూనికోడ్ కూడా లోపలికి వచ్చింది. లేకపోతే ఆ అమ్మాయి డబ్బాల పక్కన తెలుగు మాట కూర్చునేదే కాదు.

ఔస్టర్‌హౌట్ కట్టిన పద్ధతిలో టిక్కు డబ్బాకు సొంత జ్ఞాపకం లేదు. టిక్కు ఉందా లేదా అన్న సంగతి బయట ఒక వేరియబుల్‌లో ఉంటుంది. డబ్బా ఆ వేరియబుల్‌ను కనిపెట్టి చూస్తూ, అది ఒకటైతే టిక్కు వేసుకుంటుంది, సున్నా అయితే తీసేసుకుంటుంది. మంచి పద్ధతే. ప్రోగ్రాంలో ఇంకెక్కడ నుంచైనా ఆ వేరియబుల్‌ను మారిస్తే డబ్బా తనంతట తనే మారుతుంది, రెండింటినీ సరిపోల్చే బాధ లేదు. కానీ పది డబ్బాలకు ఒకే వేరియబుల్ చూపిస్తే పదీ దాన్నే చూస్తాయి. ఇంకో సంగతి ఈ కథకు ముఖ్యం. డబ్బాను చెరిపేస్తే వేరియబుల్ చెరిగిపోదు. అది ఎక్కడున్నదో అక్కడే, ఏ విలువతో ఉందో ఆ విలువతోనే ఉంటుంది.

కంప్యూటర్ చెల్లెకు అప్పటికి మొదటి సగమే అర్థమైంది. లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త వేరియబుల్ పుట్టించి, కాగితం పేరుతో ఒక పట్టీలో దాచింది. డబ్బాలు విడివిడిగా పలకడం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత ఇంకో వింత. టిక్కు పెట్టగానే తెర అడుగున "ఫలానా కాగితం అందింది" అని రావాలని, నొక్కినప్పుడు నడిచే ఒక చిన్న ఆదేశం, పైథాన్‌లో లాంబ్డా అంటారు, రాసింది. ఏ డబ్బా నొక్కినా "పెండ్లి ఫోటో అందింది" అనే వచ్చేది. ఆధార్ నొక్కినా పెండ్లి ఫోటోనే. లాంబ్డా పేరును వెంటబెట్టుకుని పోదు, నొక్కినప్పుడు వెళ్లి చూస్తుంది. అప్పటికి లూప్ చివరి పేరు దగ్గర ఆగి ఉంటుంది. లాంబ్డా రాసేచోటే పేరును దాని చేతిలో పెడితే సరిపోయింది. ఈ తప్పు చేయని పైథాన్ వాడు ఉండడు, అందుకని దీని మీద ఎక్కువ రాయను.

పని మార్చినప్పుడు పాత ఆరు డబ్బాల కింద కొత్త తొమ్మిది వచ్చి చేరేవి. కొత్తవి కట్టే ముందు పాతవాటిని చెరిపేయడం నేర్చుకుంది. లిస్టు పొడుగై చిన్న మానిటర్ దాటిపోయేది. టీకేలో మామూలు ఫ్రేమ్‌కు పైకీ కిందికీ జరిగే గుణం లేదు. కాన్వాస్ పరిచి, ఫ్రేమ్‌ను దాని మీద కూర్చోబెట్టి, పక్కన జారుడు పట్టీ తగిలించాలి. ఒక ఆదివారం అంతా దానికే పోయింది.

అప్పుడొచ్చింది ఆమెకు ఒక మంచి ఆలోచన. మంచిదే, నేను వెటకారంగా అనడం లేదు. ఒకే మనిషి ఒకే పూట కులం సర్టిఫికెట్‌కూ ఆదాయం సర్టిఫికెట్‌కూ వస్తాడు. రెండింటికీ ఆధార్ కావాలి. మొదటి లిస్టులో ఆధార్‌కు టిక్కు పెట్టాక, రెండో లిస్టు తెరిస్తే అక్కడా ఆధార్ ముందు టిక్కు దానంతట అదే ఉంటే ఎంత బాగుంటుంది! వేరియబుళ్లు కాగితం పేరుతోనే పట్టీలో ఉన్నాయి కదా. కొత్త లిస్టు కట్టేటప్పుడు ఆ పేరుతో వేరియబుల్ ఇదివరకే ఉంటే కొత్తది పుట్టించకుండా దాన్నే వాడమని రెండు వరుసలు రాసింది.

కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల లేదు. కులం లిస్టులో పెట్టిన ఆధార్ టిక్కు బీడీ పింఛన్ లిస్టులోకి రావట్లేదు. రెండు ఫైళ్లలోనూ అదే మాట, అవే అక్షరాలు.

"అన్నా, రెండు ఆధార్‌లు ఒక్క తీరుగనే ఉన్నయి. కంప్యూటర్‌కు మాత్రం వేరే వేరే కొడుతున్నయట."

"రెండోదాంట్ల ఆధార్ మొదటి వరుసల ఉన్నదా?"

"లేదు, రెండో వరుసల ఉన్నది."

"అయితే మొదటి దాంట్ల నోట్‌ప్యాడ్ ముద్ర అతుక్కొని ఉంటది సూడు. కంటికి కనవడది. యూటీఎఫ్-8 పక్కన సిగ్ అని వెట్టు, అది ముద్ర తీసేసి సదువుతది."

పెట్టింది. టిక్కు ఒక లిస్టు నుంచి మరో లిస్టుకు నడిచి వచ్చింది. ఆ రాత్రి ఇద్దరూ ఎంత సంతోషపడ్డారంటే, సెంటర్‌లో ఉన్నది ఒక్క మనిషి కాదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

వారం, పది రోజులు ప్రోగ్రాం బ్రహ్మాండంగా నడిచింది. ఆమె ప్రతి కాగితం చేత్తో పట్టుకుని, చూసి, టిక్కు పెడుతోంది కాబట్టి ముందే టిక్కు ఉన్నా లేకున్నా తేడా తెలియలేదు. ఎవరికి వారు అన్ని కాగితాలూ తెచ్చుకున్న రోజుల్లో ఏ తప్పూ బయటపడదు కూడా. రద్దీ ఉన్న రోజు రావాలి, అందులో ఎవరో ఒకరు ఒక కాగితం మరిచిపోవాలి, అదే కాగితం అంతకుముందు మనిషి తెచ్చి ఉండాలి. మూడూ కలిసిన రోజే చిన్నమ్మ వచ్చింది.

అంతకుముందు బల్ల దగ్గర నిలబడింది బీడీ పింఛన్ కోసం వచ్చిన ఒక అవ్వ. ఆధార్, పీఎఫ్ నంబర్ కాగితం, పాసుబుక్కు, ఫోటో ఇచ్చింది. నాలుగూ టిక్కులు పడ్డాయి. అవ్వ పక్కకు జరిగింది, చిన్నమ్మ ముందుకొచ్చింది. ఆపరేటరమ్మాయి పైన పెట్టెలో కల్యాణలక్ష్మి ఎంచుకుంది. పాత డబ్బాలు చెరిగాయి, కొత్త డబ్బాలు లేచాయి. కొన్నింటిలో టిక్కులు అప్పటికే ఉన్నాయి: తల్లి ఆధార్ వేరే పేరుతో ఉంది కాబట్టి దానికి లేదు, పాసుబుక్కుకు ఉంది, ఫోటోకు ఉంది.

చిన్నమ్మ కవర్‌లోంచి ఒక్కొక్కటే తీసి ఇస్తోంది. బిడ్డ ఆధార్. అల్లుడి ఆధార్. తన ఆధార్. కులం, ఆదాయం. పెళ్లి పత్రిక. ఫోటో. పెళ్లి ఫోటో. కరెంటు పోతుందేమోనని ఒక కన్ను ఇన్వర్టర్ మీద, ఫోన్‌లో ఎవరో ఓటీపీ చెబుతున్నారు, పక్కన ఇంకొకరు "నాది ఒక్క జెరాక్సే" అంటున్నారు. ఆమె టిక్కులు పెట్టుకుంటూ పోయింది. టిక్కు లేని డబ్బా ఇంకేదైనా ఉందా అని చూసింది. లేదు. దరఖాస్తు పంపడానికి పాసుబుక్కు మీది వివరాలు చిన్నమ్మ ఫోన్‌లో ఉన్న ఫోటోలోంచే కొట్టింది. కాగితాల సెట్టుకు పిన్ను కొట్టి ఇచ్చింది.

"అన్నీ ఉన్నయి చిన్నమ్మా. తహసీల్దార్ ఆఫీసుల ఇయ్యి."

పాసుబుక్కు ఇంట్లో బీరువాలోనే ఉంది. చిన్నమ్మ తేనే లేదు.

దరఖాస్తు వాపసొచ్చిన సాయంత్రం ఆ అమ్మాయి షట్టర్ సగం దించి కూర్చుంది. ముందు తననే అనుమానించింది, హడావుడిలో పొరపాటున నొక్కానేమోనని. తర్వాత ఆ రోజు టోకెన్ల పుస్తకం తీసి, చిన్నమ్మకు ముందు ఎవరు వచ్చారో చూసింది. బీడీ పింఛన్. తెర మీద బీడీ పింఛన్ ఎంచుకుని నాలుగు టిక్కులు పెట్టింది. కల్యాణలక్ష్మికి మార్చింది. పాసుబుక్కు ముందు టిక్కు, తను ముట్టుకోకుండానే, కనబడింది.

అన్న వాయిస్ మెసేజ్ ఆ రాత్రి ఆలస్యంగా వచ్చింది. "డబ్బాలు తీసేసినవు చెల్లె, లెక్క తీసెయ్యలె. కాయితం పేరు మీద లెక్క వెట్టినం గని మనిషి పేరు మీద వెట్టలె. తప్పు నీ ఒక్కదానిదే కాదు. ముద్ర తీసెయ్యమని చెప్పింది నేనే గదా. నేను గూడ సోంచాయించలె."

దిద్దుబాటు పెద్దదేం కాదు. పట్టీలో కాగితం పేరు ఒక్కటే తాళంగా ఉండేది. ఇప్పుడు టోకెన్ నంబర్, కాగితం పేరు రెండూ కలిపి తాళం. అదే మనిషి రెండు పనులకు వస్తే ఆధార్ టిక్కు నిలుస్తుంది, టోకెన్ మారగానే అన్నీ ఖాళీగా మొదలవుతాయి. తెర పైన మనిషి పేరు పెద్ద అక్షరాల్లో పెట్టింది. అడుగున "9కి 8" అని లెక్క చూపిస్తుంది. పూర్తి కాకుండా ప్రింట్ బటన్ నొక్కుడు పడదు. ఇంకో నియమం ప్రోగ్రాంలో లేదు, తనకు తాను పెట్టుకుంది: కాగితం బల్ల మీద పడ్డాకే డబ్బా మీద చెయ్యి.

నాకు ఈ కథలో ఆపరేటరమ్మాయి మీద కోపం లేదు. రోజుకు ఎంతమంది కాగితాలో చూసే మనిషి, సొంత ఖర్చు మీద, సొంత రాత్రుల్లో ఒక పనిముట్టు చేసుకుంది. అలాంటిది పైవాళ్లే చేసి ప్రతి సెంటర్‌కూ ఇచ్చి ఉండాల్సింది. ఏ పనికి ఏ కాగితం కావాలో ఊరి గోడ మీద రాయించడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. అది లేనిచోట ప్రతి నెట్ సెంటర్ వాడూ తన లిస్టు తానే కట్టుకుంటాడు, ప్రతి లిస్టులోనూ ఒక తప్పు ఉంటుంది, దాని ఖరీదు బల్లకు అవతల నిలబడ్డవాళ్లు కడతారు. చిన్నమ్మ కట్టింది రెండు ఆటోల కిరాయి, ఒక పూట బీడీలు, ఆలస్యమైన రోజులకు అప్పు మీద మిత్తి.

రెండోసారి సెట్టు కట్టేటప్పుడు చిన్నమ్మ పాసుబుక్కు చేతిలో పట్టుకునే వచ్చింది. తెరను తనకేసి తిప్పమంది.

"నా పేరున్నదా దాని మీద?"

"ఉన్నది చిన్నమ్మా. పైనున్నది సూడు."

"నాకు సదువురాదు, నువ్వే సదువు."

చదివింది. ఒక్కొక్క కాగితం పేరు పైకి చదువుతూ, చిన్నమ్మ "ఆఁ" అన్నాకే టిక్కు పెట్టింది. దరఖాస్తు ఈసారి వాపసు రాలేదు. చెక్కు రావడానికి నెలలు పట్టింది, అది కంప్యూటర్ తప్పు కాదు.

ఇలాంటి ప్రోగ్రాంలు చేసుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. చేసిన ప్రోగ్రాంను ఒక్క మనిషి కాగితాలతో పరీక్షించి వదిలేయకండి. మొదటి మనిషికి అన్ని డబ్బాల్లో టిక్కులు పెట్టండి, రెండో మనిషిని పిలవండి, చేతులు కట్టుకుని తెర చూడండి. ఒక్క టిక్కు మిగిలి కనబడినా దాంతో మర్నాడు పని మొదలుపెట్టకండి.